96 ఇళ్లు, ఒకటే డ్రమ్ము: పొడి చెత్త వేరుచేయడం మా అపార్టుమెంటులో ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: అపార్టుమెంటు కార్యదర్శి, హైదరాబాదు

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లి వైపు 96 ఫ్లాట్లున్న ఒక అపార్టుమెంటు సంఘానికి నేను ఏడాదిగా కార్యదర్శిగా ఉంటున్నాను. తడి చెత్తను, పొడి చెత్తను ఎవరింట్లో వాళ్లే వేరుచేసి ఇచ్చే పద్ధతిని ఉగాది నుంచి మొదలుపెట్టాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. తీర్మానం కాగితం మీదే ఉండిపోకూడదని కమిటీలోని నలుగురం సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి చెప్పాం, పిల్లల చేత బొమ్మలు గీయించి లిఫ్టు పక్కన అంటించాం, పొడి చెత్త కోసం ఇంటికొక గోనెసంచి కుట్టించి ఇచ్చాం. ఆరు వారాల పాటు పని మేము అనుకున్నదానికన్నా బాగానే సాగింది.

తరువాత ఒక ఆదివారం, నాలుగో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ పొరపాటున సంచిలో పడేసిన బ్యాంకు కాగితం కోసం సెల్లార్‌లోకి దిగి వెతికారు. అక్కడ 96 ఇళ్ల తడి చెత్త, పొడి చెత్త ఒకే డ్రమ్ములో కలిసిపోయి ఉన్నాయి. అడిగితే, "చెత్త ఆటో అతను ఎలాగూ మళ్లీ ఏరుకుంటాడు కదమ్మా, రెండు డ్రమ్ములు మోయడం దేనికి?" అని మా వాచ్‌మన్ జవాబిచ్చాడు. ఆ మాట సాయంత్రానికల్లా అన్ని అంతస్తులకూ పాకింది, ఆ వారం నుంచే సగం ఇళ్లవాళ్లు వేరుచేయడం మానేశారు. వాళ్లను తప్పు పట్టలేను. ఇంట్లో శ్రద్ధగా విడదీసినదాన్ని కింద కలిపేస్తుంటే ఎవరికైనా చేయబుద్ధి కాదు. 2015లో మన నగరంలో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచినప్పుడు కూడా మా ఇంట్లో కొన్నాళ్ల ఉత్సాహమే మిగిలింది. నిజం చెప్పాలంటే మా నీలం డబ్బాలో ఇప్పుడు కందిపప్పు ఉంది.

మళ్లీ మొదలుపెట్టాలనుకుంటున్నాం. అయితే ఈసారి సంఘం ఒక్కటే చేస్తే సరిపోదని, బయటివాళ్లతో కలిసి చేయాలని తోస్తోంది. ఎవరితో కలవాలన్నదే తేలడం లేదు. వార్డు కార్యాలయంతోనా, ఏదైనా స్వచ్ఛంద సంస్థతోనా, పాత సామాన్ల దుకాణంతోనా, లేక రోజూ వచ్చే ఆటో అతనితోనేనా? పొడి చెత్త అమ్మగా వచ్చే డబ్బు సంఘం నిధికి చేరాలని కమిటీలో సగం మంది అంటుండగా, అంత కొద్ది డబ్బు కోసం లెక్కల పుస్తకం పెట్టడం అనవసరమని మిగతా సగం అంటున్నారు. విడదీయని ఇళ్లకు జరిమానా వేద్దామనే ప్రతిపాదన కూడా ఉంది. ఇలాంటి పనిని కొన్నేళ్ల పాటు నిలబెట్టినవారు మీ అనుభవం చెప్పగలరు.

సమాధానం: పుణె వాసి

కార్యదర్శి గారూ, ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా పుణెలో ఉంటున్నాను. ఇక్కడ ఉదయం మా గుమ్మం దగ్గరకు వచ్చి చెత్త తీసుకువెళ్లే ఆమె నగరపాలక సంస్థ ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు దగ్గర కూలీ కూడా కాదు. 'స్వచ్ఛ్' అనే సహకార సంఘంలో సభ్యురాలు, అంటే ఆ సంఘానికి యజమానుల్లో ఒకరు. దీని వెనుక పెద్ద కథే ఉంది. చెత్తకుప్పల్లో కాగితాలు, సీసాలు ఏరుకుని బతికే స్త్రీలు 1993లో 'కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్' అనే కార్మిక సంఘంగా ఏర్పడ్డారు. కాగితం, గాజు, రేకు ఏరే కష్టజీవుల పంచాయతీ అని ఆ పేరుకు అర్థం. సామాజిక కార్యకర్త బాబా ఆఢావ్ అధ్యక్షుడిగా నడిచిన ఆ సంఘం మొదట కోరింది జీతాలు కాదు, గుర్తింపు కార్డులు. తెల్లవారుజామున సంచి భుజాన వేసుకుని వీధుల్లో తిరిగే మనిషిని దొంగగా చూడకూడదన్నదే ఆ కోరిక. ఆ సంఘం నుంచే 2007లో స్వచ్ఛ్ సహకార సంఘం పుట్టింది, 2008లో పుణె నగరపాలక సంస్థతో దానికి ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు మీ ప్రశ్నలోని డబ్బు సంగతికి వస్తాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు ముడి అక్కడే ఉంది. ఇక్కడ నెలవారీ రుసుమును ప్రతి ఇంటి నుంచీ చెత్త తీసుకువెళ్లే ఆమే వసూలు చేసుకుంటుంది. పొడి చెత్తలో అమ్ముడుపోయేదాన్ని విడదీసి అమ్ముకోగా వచ్చిన డబ్బు కూడా పూర్తిగా ఆమెదే. తడి చెత్తను, దేనికీ పనికిరాని మిగులును మాత్రం నగరపాలక సంస్థ బండికి అప్పగిస్తుంది. అందువల్ల మా ఇంటి చెత్త శుభ్రంగా ఉండటం మాకన్నా ఆమెకే ఎక్కువ అవసరం. మేము కాపురం పెట్టిన కొత్తలో మా అత్తగారు పప్పు గిన్నె కడిగిన నీళ్లను పొరపాటున పాత పేపర్ల మీద ఒలకబోసి, వాటిని అలాగే సంచిలో పెట్టారు. చెత్త తీసుకువెళ్లే ఆమె ఆ సంచిని అక్కడే విప్పి, "ఈ కాగితం నాకు ఈ రోజు కూలి, తడిపేస్తే నేనేం అమ్ముకోను?" అని మరాఠీలో అడిగింది. అత్తగారికి భాష రాకపోయినా విషయం అర్థమైంది, మళ్లీ ఆ పొరపాటు జరగలేదు. ఏ పోస్టరూ చేయలేని పని అది.

సంఘం నిధికి ఆ డబ్బు తీసుకుంటే, విడదీసే మనిషికి ఆ చెత్త మీద ఆసక్తి చచ్చిపోతుంది. 96 ఇళ్ల వాళ్లు దాన్ని పంచుకుంటే ఇంటికి వచ్చేది ఒక టీ ఖర్చు కూడా కాకపోవచ్చు, అదే ఒక్క కుటుంబానికి చేరితే వాళ్ల నెల గడవడంలో తేడా కనిపిస్తుంది.

ఇక్కడ అంతా సాఫీగా ఉందని మాత్రం అనుకోకండి. ఒప్పందం గడువు తీరినప్పుడల్లా ఈ పనిని పెద్ద కాంట్రాక్టర్లకు అప్పగించాలనే వాదన లేస్తూనే ఉంటుంది, సభ్యులు ఊరేగింపులు తీయవలసి వస్తూనే ఉంటుంది. మరొక మాట: వాడిన శానిటరీ ప్యాడ్లను, పిల్లల డైపర్లను పాత పేపరులో చుట్టి, పైన ఎర్ర చుక్క పెట్టి విడిగా ఇవ్వమని ఇక్కడ ప్రచారం చేశారు. ఆ చుక్క ఉన్న పొట్లాన్ని ఎవరూ చేత్తో విప్పనక్కరలేదు. మీ దగ్గర వేరే ఏమి చేసినా చేయకపోయినా దీన్ని మాత్రం మొదటి రోజు నుంచే పెట్టండి.

సమాధానం: విజయవాడ పన్ను చెల్లింపుదారు

ఇంటి పన్ను కడుతున్నాం, నీటి పన్ను కడుతున్నాం. ఆపైన చెత్తను కూడా మేమే విడదీసి, మేమే మోసి, మేమే భాగస్వాములను వెతుక్కోవాలంటే పురపాలక సంఘం ఉన్నది దేనికో ఎవరైనా చెప్పాలి. 2021 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మూడు రంగుల డబ్బాల కార్యక్రమం మొదలైంది. దాంతోపాటు నగరాల్లో నెలకు 120 రూపాయల దాకా రుసుము కూడా వచ్చింది. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు, చివరకు 2024లో దాన్ని రద్దు చేశారు. రుసుము పోయింది, డబ్బాలు మిగిలాయి. మా వీధిలో ఒకరు ఎర్ర డబ్బాలో కరివేపాకు మొక్క పెంచుతున్నారు, బాగానే చిగురించింది. భాగస్వామ్యం అనే మాట వినగానే, చేయవలసినవారు తప్పుకుంటున్నారేమోనన్న అనుమానం నాకు కలుగుతుంది. విడదీయని ఇళ్లకు జరిమానా వేయండి, కలిపేసే బండి మీద చర్య తీసుకోండి. ఈ రెండూ జరిగితే మూడోది అక్కరలేదు.

సమాధానం: విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టరు

విజయవాడ మిత్రుని కోపంలో న్యాయం ఉంది, కానీ ఆయన చూపిన ఉదాహరణే నాకు మరొక సంగతిని గుర్తు చేస్తోంది. పుణెలో రుసుము గుమ్మం ముందు నిలబడిన మనిషి చేతికి వెళుతుంది, కాబట్టి ఆమె ఒక రోజు రాకపోతే ఇంటివాళ్లు నిలదీయగలరు. మన దగ్గర అది బిల్లుగా వచ్చింది, చెల్లించినవారికి ఎవరిని అడగాలో తెలియలేదు. ఆ కోపాన్ని రుసుము ఎంత అన్నదానికన్నా అది ఎవరి చేతికి పోతోంది అన్నదే ఎక్కువగా పెంచిందని నా అభిప్రాయం.

కోస్తా పట్టణాల్లో ఈ ఉద్యోగం చేసి పదవీ విరమణ చేశాను. జరిమానా గురించి చెప్పాలంటే, 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే ప్రతి ఇల్లూ చెత్తను విడదీసి ఇవ్వాలని చెప్పారు. నివాసుల సంఘాలు స్థానిక సంస్థతో కలిసి ఆ పని జరిగేలా చూడాలని, తిరిగి వాడదగిన వస్తువులను గుర్తింపు పొందిన ఏరుకునేవారికో, రీసైక్లింగ్ చేసేవారికో అప్పగించాలని కూడా చెప్పారు. అంటే భాగస్వామ్యమన్నది కార్యదర్శి గారికి వచ్చిన కొత్త ఆలోచన కాదు, అప్పటి నియమాలే చెప్పినది. అయితే జరిమానా పుస్తకం పట్టుకుని వీధిలోకి వెళ్లిన రోజుల్లో నేను గమనించినది ఒకటే: జనం చెత్తను విడదీయడం కన్నా రాత్రిపూట ఖాళీ స్థలంలో పారేయడం సులభమనుకుంటారు. కలిపిన చెత్తను "ఈ రోజు తీసుకోం, రేపు విడదీసి ఇవ్వండి" అని మర్యాదగా గుమ్మం దగ్గరే వదిలి వెళ్లడం జరిమానాకన్నా బాగా పనిచేసింది. ఎండాకాలంలో ఒక్క రోజు ఇంట్లో నిలవ ఉన్న తడి చెత్త ఎంత బాగా పాఠం చెబుతుందో నేను వర్ణించనక్కరలేదు.

మన ప్రాంతంలో జరగలేదనుకోవడం కూడా పొరపాటు. 2000 దశకం తొలి ఏళ్లలోనే సూర్యాపేట పట్టణంలో వీధి చెత్తకుండీలను తీసేసి, తడి, పొడి చెత్తను ఇళ్ల దగ్గరే విడిగా తీసుకుని, తడి చెత్తతో వానపాముల ఎరువు తయారుచేసి అమ్మారు. అది చూడటానికి మాలాంటివాళ్లను బస్సుల్లో తీసుకువెళ్లేవారు. ఆ తరువాత బొబ్బిలి పేరు వినిపించింది. ఈ రెండూ చిన్న పట్టణాలు, అక్కడ కమిషనరు నుంచి మేస్త్రీ దాకా ఒకరికొకరు ముఖం తెలిసినవాళ్లు. పెద్ద నగరంలో ఆ ముఖపరిచయం ఒక అపార్టుమెంటు, ఒక వీధి స్థాయిలోనే సాధ్యమవుతుంది. అందుకే మీ ప్రయత్నం సరైన కొలతలోనే ఉందంటాను.

ఇక పొడి చెత్త అంటే అంతా డబ్బు కాదని మీ కమిటీకి ముందే చెప్పండి. న్యూస్ పేపర్లు, అట్టపెట్టెలు, ఇనుము, అల్యూమినియం ఎప్పుడైనా అమ్ముడుపోతాయి. నీళ్ల సీసాలు, షాంపూ డబ్బాలు అమ్ముడుపోతాయి కానీ, ముడి చమురు ధర పడినప్పుడు కొత్త ప్లాస్టిక్కే చౌక అవుతుంది కాబట్టి పాతదాని ధర కూడా పడిపోతుంది. గాజు బరువెక్కువ, రాబడి తక్కువ. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ ప్యాకెట్ల వంటి పొరల ప్లాస్టిక్‌ను పాత సామాన్లవాడు ఊరికే ఇచ్చినా తీసుకోడు, ఎక్కువభాగం సిమెంటు కొలుముల్లో కాల్చడానికి పంపవలసిందే. అందువల్ల ధర ఉన్నదాన్ని ఒకరు తీసుకుని, ధర లేనిదాన్ని మీ సెల్లార్‌లో వదిలి వెళ్లే ఏర్పాటుకు ఒప్పుకోకండి. ఎవరితో కలిసినా రెండూ కలిపి తీసుకువెళ్లాలన్నది మొదటి షరతు కావాలి.

చివరగా ఒక ప్రశ్న అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మీ వాచ్‌మన్ అట్టపెట్టెలు, సీసాలు తాను అమ్ముకుంటున్నాడా? డ్రమ్ముల బరువు గురించి చెప్పేవాళ్లలో చాలామందికి అసలు కారణం వేరే ఉంటుంది.

సమాధానం: మహిళా సమాఖ్య సభ్యురాలు, గుంటూరు

పెద్దలు చాలా చెప్పారు, నాకు తోచినది కొంచెం చెబుతాను. కార్యదర్శి గారూ, మీరు నలుగురూ సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి ఎవరితో మాట్లాడారు? ఇంటి యజమానులతోనే అయి ఉంటుంది. ఫ్లాట్లలో చెత్తడబ్బాను ముట్టుకునేది చాలా ఇళ్లలో పనిమనిషి. ఆమె ఉదయం తొమ్మిదికి వచ్చి నాలుగు ఇళ్ల గిన్నెలు తోమి, ఊడ్చి, చెత్త కట్టి బయట పెట్టి వెళుతుంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె వచ్చే వేళకు మీ సమావేశాలు జరగవు. మా సమాఖ్య తరఫున మూడు వీధుల్లో ఈ పని చేసినప్పుడు మేము ముందుగా పనిచేసే ఆడవాళ్లనే ఒకచోట కూర్చోబెట్టి, పదిహేను నిమిషాలు టీ తాగుతూ మాట్లాడాం. వాళ్లలో ఇద్దరి కుటుంబాలు చిత్తు కాగితాల పనిలోనే ఉన్నాయి, మాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

పాల ప్యాకెట్ల సంగతి ఒకటి చెప్పాలి. మనం ప్యాకెట్టు మూలను కత్తిరించి ఆ చిన్న ముక్కను సింకులోనో, తడి చెత్తలోనో పడేస్తాం. ఆ ముక్క ఎరువులో కలిసిపోతుంది, మళ్లీ ఎవరూ ఏరలేరు. మూలను పూర్తిగా తెగకుండా, అంటుకుని ఉండేలా కత్తిరించి, ప్యాకెట్టును ఒకసారి కడిగి ఆరేస్తే చాలు. ఇంటికి రోజుకు రెండు ప్యాకెట్లు అనుకున్నా 96 ఇళ్లకు ఎన్ని అవుతాయో లెక్క వేయండి. ఆరిన పాల కవరుకు ధర ఉంది, పాలు పులిసి కంపు కొట్టే కవరుకు లేదు.

ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో ఈ పని మొత్తాన్ని మహిళా సంఘాలే చేస్తున్నాయి. ఇంటింటికీ వెళ్లి తెచ్చిన చెత్తను కేంద్రాల్లో రకరకాలుగా విడదీసి అమ్ముతారు, ఇంటి నుంచి రుసుము కూడా తీసుకుంటారు. ఒకప్పుడు చెత్త పోసిన చోటు అక్కడ ఇప్పుడు పార్కు. మీకు దగ్గరలో పొదుపు సంఘాలేవైనా ఉంటే ఒకసారి అడిగి చూడండి. డబ్బు మీ సంఘానికి కాకుండా పనిచేసే చేతికి చేరాలన్న పుణె సోదరుని మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

సమాధానం: బెంగళూరు నుంచి

క్లుప్తంగా ఒకే సూచన చేస్తాను. పొడి చెత్తను రోజూ తీసుకోవడం మానేయండి. బెంగళూరులో హైకోర్టు 2015 డిసెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం తడికి ఆకుపచ్చ డబ్బా, పనికిరానిదానికి ఎర్ర డబ్బా, పొడికి ఒక సంచి ఉండాలి. పొడి చెత్త కుళ్లదు కనుక దాన్ని వారానికి రెండు రోజులే తీసుకుంటే చాలు. అది వచ్చే రోజు వేరు, బండి వేరు అయినప్పుడు కలిపేయడానికి అవకాశమే ఉండదు. ఇక్కడి వార్డుల్లో పొడి చెత్త సేకరణ కేంద్రాలు ఉన్నాయి, చాలాచోట్ల వాటిని ఒకప్పుడు చెత్త ఏరుకున్నవాళ్లే నడుపుతున్నారు. ఈ పని ఎవరికి పడితే వాళ్లకు వస్తుందనుకోకండి. ముట్టుకుని ఇది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పగల నైపుణ్యం వాళ్లది.

ప్రశ్న అడిగినవారి జవాబు: అపార్టుమెంటు కార్యదర్శి, హైదరాబాదు

నెల తరువాత రాస్తున్నందుకు మన్నించండి, చెప్పడానికి ఏదైనా జరిగాకే రాద్దామని ఆగాను.

ఇన్‌స్పెక్టరు గారూ, మీరు అడిగినది నిజమే. మా వాచ్‌మన్‌తో కూర్చుని మాట్లాడితే తెలిసింది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వస్తువుల అట్టపెట్టెలు, సీసాలు అతను ముందే తీసి అమ్ముకుంటున్నాడు, ఆ డబ్బుతో కూతురి ట్యూషన్ ఫీజు కడుతున్నాడు. ఇళ్లవాళ్లే సంచి కట్టి నేరుగా ఆటోకు ఇస్తే తన వాటా పోతుందని భయపడ్డాడు. చెత్త కలిసిపోతే, డ్రమ్ములోంచి తనకు కావలసినవి తాను ముందు తీసుకోవచ్చు. మేము ఇంటింటికీ తిరిగి అందరినీ అడిగాం, ఇతన్ని ఒక్కడిని అడగలేదు. ఆటో అతన్ని కూడా అడగలేదు. ఆటో నడిపేది భార్యాభర్తలు. ఇళ్ల నుంచి వచ్చే నెలవారీ రుసుము, పొడి చెత్త అమ్మకం, ఈ రెండే వాళ్ల రాబడి. డీజిల్, మరమ్మతులు అందులోంచే పోవాలి. కలిసిపోయిన చెత్తను విడదీయడానికి భార్యకు మా అపార్టుమెంటు దగ్గరే దాదాపు గంట పడుతోందట.

ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడుకున్నాక కుదిరిన ఏర్పాటు ఇది. అట్టపెట్టెలు మొత్తం వాచ్‌మన్‌వి, ఇళ్లవాళ్లు వాటిని విప్పి చదునుగా చేసి అతనికే ఇస్తారు. మిగతా పొడి చెత్త అంతా, ధర ఉన్నదీ లేనిదీ కలిపి, ఆటో దంపతులది. సంఘం నిధికి ఒక్క రూపాయి కూడా రాదు. కమిటీలో దీనికి ఒప్పించడానికి రెండు సమావేశాలు పట్టాయి, ఒకరు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. బెంగళూరు వారి సలహా ప్రకారం పొడి సంచులను బుధ, శనివారాల్లోనే ఉదయం ఏడింటికి గేటు దగ్గర ఇస్తున్నాం. సెల్లార్‌లోని డ్రమ్మును తీసేయించాం. అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది అదేననిపిస్తోంది, ఎందుకంటే కలపడానికి ఇప్పుడు చోటే లేదు. గుంటూరు సోదరి చెప్పినట్లు పనికి వచ్చే ఆడవాళ్లతో ఒక ఉదయం మాట్లాడాం. పదిహేడు మంది వచ్చారు, మా ఇంట్లో ఏది ఎక్కడ పడేస్తామో నాకన్నా మా పనమ్మాయికే బాగా తెలుసని అందరి ముందూ ఒప్పుకోవలసి వచ్చింది.

గత శనివారం 96 ఇళ్లలో 61 ఇళ్ల సంచులు గేటు దగ్గరకు వచ్చాయి. మిగతా 35 ఇళ్లలో కొన్ని ఖాళీగా ఉన్నవి, కొన్ని అద్దెకు దిగిన కుర్రాళ్లవి, కొన్ని పట్టించుకోనివి. జరిమానా ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

విజయవాడ వారికి కూడా ఒక మాట. మీ కరివేపాకు ఉదాహరణను మా కమిటీలో చదివి వినిపించాను, అందరూ నవ్వారు. నేనూ ఇంటికి వచ్చి నీలం డబ్బాలోని కందిపప్పును వేరే డబ్బాలోకి మార్చాను.

ఒక సమస్య మాత్రం మిగిలింది. ఈ ఎండాకాలంలో ఏసీలు, ఫ్రిజ్‌లు కొన్న ఇళ్ల నుంచి వచ్చిన థర్మోకోల్ మెట్ల కింద ఒక గదంతా నిండి ఉంది. ఆటోలో చోటు చాలదని వాళ్లు తీసుకోలేదు, వాచ్‌మన్ దాన్ని ముట్టుకోనన్నాడు, పాత సామాన్ల దుకాణాలు మూడింటిలో అడిగితే వద్దన్నారు. కూకట్‌పల్లి, మియాపూర్ చుట్టుపక్కల దాన్ని తీసుకునేవారు ఎవరైనా ఉంటే ఇక్కడ చెప్పగలరు.